అప్పుతో ఆడు జూదము: నిషేధశాసనముల చరిత్ర

గ్రేట్ బ్రిటన్ దేశమున జూదవ్యాపారమును పర్యవేక్షించు గ్యాంబ్లింగ్ కమిషన్ అను ప్రభుత్వసంస్థ 2020 ఏప్రిల్ 14వ తేదీ నుండి క్రెడిట్ కార్డుతో పందెము కాయుటను నిషేధించినది. తన చేతిలోని సొమ్ముతో ఆడువానికి ఆటంకము లేదు; కార్డుపై అరువు తెచ్చిన సొమ్ముతో మాత్రము ఆడరాదు. ఈ నిషేధమువలన జూదవ్యసనమున చిక్కినవారికి నిజముగా మేలు కలిగినదా అను ప్రశ్న నాటినుండియు చర్చలో నున్నది. ఆర్థికవేత్తలును వైద్యులును దీనిని తమతమ దృష్టులతో పరిశీలించుచున్నారు. దీనికి చరిత్రదృష్టియు అవసరమని మా తలంపు. ఏలయన, అప్పుతో ఆడు జూదమును అదుపుచేయుట క్రొత్త యోచన కాదు. ఇంగ్లండులో దాని చరిత్ర మూడున్నర శతాబ్దములకు మించినది. మన ధర్మశాస్త్రములలో అంతకంటెను చాల ప్రాచీనమైనది. ఆ పూర్వశాసనములు ఎవరిని కాపాడదలచెను, ఎంతవరకు కాపాడగలిగెను అను విషయము తెలిసినగాని నేటి నిషేధము యొక్క విలువ నిర్ణయించుట సాధ్యము కాదు.

మొదట మన వాఙ్మయమును చూతము. ఋగ్వేదమున పదవ మండలములోని ముప్పది నాల్గవ సూక్తము జూదరి దుఃఖమును చెప్పునట్టిది. అందలి జూదరి అప్పులపాలై, భయపడుచు, ధనము వెదకికొనుచు రాత్రివేళ పరుల యిండ్లకు పోవును. తల్లియు దండ్రియు సోదరులును వానిని మేమెరుగమని, కట్టి కొనిపొండని పలుకుదురు. జూదమునకును అప్పునకును గల చుట్టరికము ఇంత పూర్వమే గుర్తింపబడినదన్నమాట. పాచికల ఆకర్షణ యొక దుఃఖము. ఆ ఆకర్షణకు లొంగి చేసిన ఋణము వేరొక దుఃఖము. మొదటిది జూదరిదే, రెండవది ఇంటిల్లిపాదిది.

స్మృతికారులు ఈ రెండవ దుఃఖమునే ప్రధానముగ పట్టించుకొనిరి. మనువు తొమ్మిదవ అధ్యాయమున జూదమును రాజ్యమునుండి తొలగింపవలెనని విధించెను. యాజ్ఞవల్క్యుడు అట్లుగాక, రాజు అనుమతితో సభికుడు నడపు జూదశాలను అంగీకరించి, ఓడినవానినుండి సొమ్ము రాబట్టి గెలిచినవాని కిప్పించు భారమును సభికునిపై నుంచెను. జూదమును గూర్చి ఇట్లు భిన్నాభిప్రాయులైనను, ఒక విషయమున వీరిద్దరును ఏకీభవించిరి. తండ్రి జూదమునకై చేసిన ఋణమును కొడుకు తీర్పనక్కరలేదు. ఓడినవాడు తన బాధ్యతనుండి తప్పించుకొనడు. కాని వాని కుటుంబము తప్పించుకొనును. పదుమూడవ శతాబ్దమున మూలఘటిక కేతన మితాక్షరను విజ్ఞానేశ్వరీయమను పేర తెనిగించుటచే ఈ వ్యవహారధర్మములు తెలుగు పద్యములలోనికి వచ్చినవి.

ఇచ్చట నన్నయ తెనిగించిన సభాపర్వము గూడ స్మరింపదగినది. ధర్మరాజు తన ధనమును, రాజ్యమును, తమ్ములను, తన్నును ఓడి, పిమ్మట ద్రౌపదిని పణముగ నొడ్డెను. తన్ను తాను ముందుగ ఓడినవానికి ఇతరుల నొడ్డు అధికార మెక్కడిదని ద్రౌపది అడిగెను. వికర్ణుడు ఆమె పక్షమున వాదించెను. భీష్ముడు ధర్మము సూక్ష్మమని చెప్పి తేల్పలేకపోయెను. తనది కానిదానిని పణముగ నొడ్డవచ్చునా అనునదే ఆ ప్రశ్న సారాంశము. అరువు సొమ్ముతో ఆడు జూదము విషయమున నేటి శాసనకర్తల యెదుట నున్నదియు ఇట్టి ప్రశ్నయే. ఆ సభలో దానికి సమాధానము చెప్పువాడు లేకపోయెను. ఇంగ్లండులో పార్లమెంటు కొన్ని సమాధానములు చెప్పి చూచినది. ఇక వానిని పరిశీలింతము.

రెండవ చార్లెసు కాలమున 1664లో వెలువడిన చట్టము ఒక్కసారిగ నూరు పౌండ్లకు మించి అరువుపై ఓడిన సొమ్మును రాబట్టుకొను హక్కు గెలిచినవానికి లేకుండ జేసినది. 1710 నాటి చట్టము ఇంకను ముందునకు పోయినది. జూదపు బాకీకిగాని, జూదమాడుటకై యిచ్చిన అప్పునకుగాని వ్రాయించుకొన్న నోట్లు, తనఖాలు మున్నగు పత్రములన్నియు చెల్లవని శాసించినది. పది పౌండ్లుగాని అంతకు మించిగాని ఓడి చెల్లించినవాడు మూడు నెలలలో దావా వేసి దానిని తిరిగి పొందవచ్చును. 1845 నాటి చట్టము పందెపు ఒడంబడికలన్నియు చెల్లనివని ప్రకటించి, వానిపై దావాయే లేదని తేల్చినది.

ఈ చట్టముల పద్ధతిని గమనింపవలెను. ఇవి జూదరి చేయి పట్టుకొనలేదు. అప్పిచ్చువాని గుండెలో భయము పుట్టింపజూచినవి. ఇచ్చినసొమ్ము తిరిగిరాదని తెలిసినవాడు జూదరి కప్పీయడు, అప్పు పుట్టనిచో జూదరి తన సంచిలోని సొమ్ముతోనే ఆగిపోవును అను తర్కము వీనికి ఆధారము.

తర్కము చక్కనిదే. కాని ఆచరణలో రెండు లోపములు బయటపడినవి. మొదటిది మర్యాదకు సంబంధించినది. న్యాయస్థానమున చెల్లని జూదపు బాకీ ఆంగ్లప్రభువర్గమున 'గౌరవఋణము' అనిపించుకొనెను. దరజీవాని బాకీ యేండ్లకొలది నిలిచినను సిగ్గులేదు. జూదపు బాకీ మాత్రము వెంటనే తీర్పకున్న తలవంపు. చట్టము కాదన్న అప్పును సంఘము తీర్పించెను. రాజనీతిజ్ఞుడు ఛార్లెస్ జేమ్స్ ఫాక్సు యౌవనముననే జూదమున మునిగి వడ్డీ వ్యాపారులకు చిక్కగా, ఆతని తండ్రి హాలండు ప్రభువు 1774లో మరణించుటకు ముందు లక్ష పౌండ్లకు మించిన ఋణమును తీర్పవలసివచ్చెను. 1710 నాటి చట్టము అప్పటికి అరువది యేండ్లకు పైగా అమలులో నున్నది!

రెండవ లోపము మూడవవానికి సంబంధించినది. జూదమున వ్రాసిన నోటు చేతులుమారి, దాని పుట్టుక యెరుగని వర్తకునికి చేరినయెడల ఆతడు నష్టపోవలెనా? 1710 నాటి చట్టము ప్రకారము నష్టపోవలసినదే. ఇది అన్యాయమని తలచి, 1835లో పార్లమెంటు చట్టమును సవరించి, పుట్టుక యెరుగక వెలయిచ్చి నోటు కొన్నవానికి రక్షణ కల్పించినది. వర్తకదృష్టిలో ఈ సవరణ న్యాయమైనదే. కాని దీనివలన నొక సూత్రము స్థిరపడినది: అప్పిచ్చినవాడు జూదముతో సంబంధములేనివాడైనచో వాని సొమ్ము వానికి రావలసినదే. క్రెడిట్ కార్డు పుట్టుటకు చాలముందే, దాని దారి ఇట్లు తెరువబడినదని మేము భావించుచున్నాము.

భారతదేశమునను ఇదే మార్గము నడచినది. ఆంగ్లచట్టము ననుసరించి 1848లో పందెములు చెల్లవను చట్టము వచ్చెను; 1872 నాటి కాంట్రాక్టు చట్టము ముప్పదవ సెక్షను దాని స్థానము నాక్రమించెను. పందెపు ఒడంబడిక చెల్లదుగాని, అది శాసనవిరుద్ధముగాని అవినీతికరముగాని కాదనియు, అందుచే దానికి అనుబంధమైన ఇతర ఒడంబడికలు చెల్లుననియు సుప్రీంకోర్టు 1959లో ఘేరులాల్ పరఖ్ కేసున తీర్పు చెప్పెను. అనగా గెలిచినవాడు దావా వేయలేడు. అప్పిచ్చి దూరముగ నిలిచినవాడు వేయగలడు.

ఇరువదవ శతాబ్దమున బ్రిటనులో 1968 నాటి చట్టము జూదశాలలు తమ ఆటగాండ్రకు అరువిచ్చుటను నిషేధించెను. చెక్కు పుచ్చుకొనవచ్చునుగాని, దానిని రెండు బ్యాంకు దినములలో బ్యాంకునకు పంపివేయవలెను. దగ్గర నుంచుకొని అరువుగ మార్చరాదు. 2005 నాటి చట్టము ఈ జాగ్రత్తను కొంత నిలిపినది. క్రెడిట్ కార్డుతో సొమ్ము స్వీకరించునట్లు జూదపుయంత్రమును అమర్చుట నేరమనినది. కాని అదే చట్టము జూదపు ఒడంబడికలు న్యాయస్థానమున చెల్లునని ప్రకటించి, 2007 సెప్టెంబరు నుండి 1845 నాటి కట్టడిని తొలగించినది. అంతర్జాలమున ఆడు జూదమునకు క్రెడిట్ కార్డు వాడుటయో, నిషేధింపబడలేదు. వీధిలోని యంత్రమునకు పనికిరాని కార్డు ఇంటిలోని తెరకు పనికివచ్చెను.

పాత అప్పునకును కార్డు అప్పునకును గల భేద మిచ్చట తెలియును. పూర్వము అప్పిచ్చువాడు జూదరి మొగము చూచి యిచ్చెడివాడు. తిరిగిరాదను భయము వానికుండెడిది. కార్డు విషయమున అప్పు ముందే మంజూరైయున్నది. జూదశాలకు సొమ్ము వెంటనే ముట్టును, బ్యాంకునకు బాకీ చట్టబద్ధముగ వచ్చును, నష్టభయమంతయు జూదరిదే. పైగా బ్రిటనులో బ్యాంకులు ఇట్టి చెల్లింపును సాధారణముగ నగదు తీసికొనినట్లుగనే లెక్కించుటచే, సరకుల కొనుగోలునకుండు వడ్డీలేని గడువు దీనికి లేక, మొదటిదినమునుండియే వడ్డీయు, దానికి తోడు రుసుమును పడెడివి. ఋణదాత భయముపై ఆధారపడిన మూడు శతాబ్దముల రక్షణ భయములేని ఋణదాత రాగానే నిష్ఫలమయ్యెను. అందుచే 2020 నాటి నిషేధము పాత రక్షణకు బదులు నిర్మించిన క్రొత్త గోడ. ఋణదాత జంకుట లేదు గనుక, సొమ్ము పుచ్చుకొను జూదవ్యాపారియే దానిని నిరాకరింపవలెనని శాసింపబడినది. ఎలక్ట్రానిక్ సంచులద్వారా కార్డుసొమ్ము దొంగదారిని రాకుండగను కట్టడి చేయబడినది. దుకాణములలో ఇతర సరకులతోపాటు కొను లాటరీ టిక్కెట్లకు మాత్రము మినహాయింపు కలదు.

ఈ గోడవలన మేలు జరిగినదా? నిషేధము ప్రకటించినపుడు కమిషన్ చూపిన లెక్కప్రకారము, క్రెడిట్ కార్డుతో అంతర్జాలమున ఆడువారిలో నూటికి 22 మంది జూదవ్యసనముచే బాధపడువారు. ఈ అంక్యను జాగ్రత్తగ చదువవలెను. వ్యసనపరులు కార్డును ఆశ్రయించుచున్నారని ఇది తెలుపును. కార్డే వ్యసనమును పుట్టించినదని తెలుపదు. మిగిలిన 78 మంది ఆ తరగతికి చెందరు గనుక వారి స్వేచ్ఛను హరించితిరని వాదించువారును కలరు. కాని వారు కోల్పోయినది అరువుపై ఆడు సౌకర్యము మాత్రమే. వ్యసనపరుడు కోల్పోవునది ఇల్లు. ఈ రెండు నష్టములును సమానములు కావు.

నిషేధమునకు పూర్వోత్తరములను పోల్చి ఫలితము నిర్ణయించుటయు సులభము కాదు. 2020 మార్చి 23న బ్రిటనులో కరోనా కారణముగ గృహనిర్బంధము ప్రారంభమయ్యెను. పందెపు దుకాణములు మూతపడెను, క్రీడలు నిలిచిపోయెను. అదే మార్చి నెలాఖరున, జూదరి తన్ను తానే బహిష్కరించుకొనుటకు వీలగు గామ్‌స్టాప్ పథకమున అంతర్జాల జూదసంస్థలన్నియు చేరవలెనను నియమము అమలులోనికి వచ్చెను. మూడు వారములలో మూడు మార్పులు జరిగినచోట ఏ ఫలము ఏ చెట్టుదో వేరుచేయుట కష్టము. కావున తర్వాత కనబడిన ప్రతి తగ్గుదలను నిషేధమునకే కట్టిపెట్టుట శాస్త్రీయము కాదు.

అయినను వ్యసనము నడచు తీరు తెలిసినవారికి ఒక విషయము స్పష్టము. పోయినదానిని రాబట్టవలెనను ఆరాటమే జూదరిని ముంచునట్టిది. ఆ ఆరాటము అర్ధరాత్రి ఒంటరిగ కూర్చున్నపుడు నిమిషములలో పెరుగును. ఆ నిమిషములలో చేతికి అప్పు అందినచో ఆటయు అప్పును ఒకటిగ సాగును. అందనిచో వేరుచోట అప్పు వెదకవలెను, ఒకరి నడుగవలెను, తెల్లవారువరకు ఆగవలెను. ఈ ఆలస్యమే రక్షణ. వేదకాలపు జూదరియు రాత్రివేళ పరుల గుమ్మము తట్టవలసివచ్చెను. కార్డు ఆ గుమ్మమునే లేకుండ జేసినది. నిషేధము దానిని తిరిగి నిలిపినది. ఐతే పట్టుదలగల జూదరి ఓవర్‌డ్రాఫ్టును, చిల్లర ఋణమును, మిత్రుని చేబదులును ఆశ్రయింపగలడు. ఫాక్సు వడ్డీవ్యాపారి నాశ్రయించినట్లే గదా!

ఇతరదేశములు ఈ మార్గమున సాగుచున్నవి. ఆస్ట్రేలియా 2023లో చట్టముచేసి 2024 జూన్ 11 నుండి అంతర్జాల పందెములకు క్రెడిట్ కార్డును నిషేధించినది. మనదేశమున మార్గము వేరు. తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను సొమ్ముతో ఆడు అంతర్జాల క్రీడలనే నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టము దేశమంతటికిని అట్టి నిషేధమును విధించుచు, బ్యాంకులును ఇతర ఆర్థికసంస్థలును వాని చెల్లింపులకు తోడ్పడరాదనినది. ఆడువానిని శిక్షింపక, ఆడించువానిని, సొమ్ము నడపువానిని శిక్షించుట దీని పద్ధతి. 1710 నాటి ఆలోచనకిది దూరపు చుట్టము. కాని మన యూళ్లలో అప్పనగా కార్డొక్కటే కాదు. చేబదులు, ప్రామిసరీ నోటు, బంగారపు తాకట్టు, సెల్‌ఫోనులో నిమిషములలో దొరకు ఋణము మున్నగునవి కలవు. ఒక తలుపు మూసి మిగిలినవి తెరచియుంచిన ఫలము స్వల్పము.

ఈ చరిత్రవలన తేలినదేమన, అప్పుపై విధించిన నిషేధము జూదపు కోరికను చంపదు. అట్లు చంపునని ఏ స్మృతికారుడును చెప్పలేదు. అది ఆ కోరిక తవ్వు గోతి లోతును తగ్గించును. ఋణదాతకు నష్టభయమున్నంతకాలము శాసనము కొంత పనిచేసినది. భయము తొలగినపుడు విఫలమైనది. ఇప్పుడు వేరొక రూపమున ఆ భయపు స్థానమును ఆక్రమింపజూచుచున్నది. కావున మా అభిప్రాయమున క్రెడిట్ కార్డు నిషేధము మేలైనదే, కాని చాలినది కాదు. దానికి తోడు, నిమిషములలో చేతికందు ఇతర ఋణములపై అట్టి కట్టడియు, వ్యసనమునకు వైద్యమును ఉండవలెను. తండ్రి జూదపు అప్పు కొడుకునకు తగులరాదని మన పూర్వులు నియమించిరి. కార్డుపై చేసిన అప్పును నెలనెల ఇంటి జీతమునుండి తీర్పవలసివచ్చునపుడు ఆ నియమము మాటగనే మిగులును. తండ్రి బ్రతికియుండగనే ఆ బిడ్డలు దానిని తీర్చుచున్నవారగుదురు. శాసనము కాపాడవలసినది వారిని.