బావినీటికి తరగతులు: భూగర్భజల రక్షణ చరిత్ర

హనుమకొండలోని పాత ఇండ్లలో నేటికిని కొన్ని చేదబావులు కనిపించును. వాటిలో చాలవాటియందు ఇప్పుడెవరును చేద వేయుట లేదు. ప్రక్కనే బోరు వచ్చినది. బావి అయినను, బోరు అయినను, పైకి వచ్చునది భూగర్భ జలమే. ఆ జలమును గురించి ప్రభుత్వమువారు మండలముల వారీగా లెక్కకట్టి పట్టికలు ప్రకటింతురు. వాటిలో కొన్ని మండలములకెదురుగా ‘సురక్షితము’ అని యుండును. ఆ మాట చూచిన విద్యార్థి, “అయితే మా ఊరి బావినీరు నిశ్చింతగా త్రాగవచ్చును” అని అనుకొనుట సహజము.

కాని ఆ మాటకు అర్థము అది కాదు. ఏటేటా భూమిలోనికి ఇంకి మన వాడకమునకు లభించు నీటిలో, మనము తోడుకొనుచున్నది 70 శాతమునకు మించలేదని మాత్రమే దాని భావము. ఆ నీటిలో ఏమి కరిగియున్నదో అది చెప్పదు. నీరు ఎంత ఉన్నది అనునది ఒక ప్రశ్న. ఆ నీరు ఎట్టిది అనునది వేరొక ప్రశ్న. మన దేశమున మొదటి ప్రశ్నకు శ్రద్ధగా లెక్కలు కట్టిరి. రెండవ ప్రశ్నను గట్టిగా అడుగుటకు మాత్రము బావులలోనికి విషము దిగువరకు ఆగవలసివచ్చినది. ఆ ఆలస్యమునకు గల చరిత్రను ఇచట తెలిసికొందము.

రాతినేలలో నీటి నడక

హనుమకొండ గుట్టలను చూచినవారికి ఇక్కడి నేల స్వభావమును వేరుగా చెప్పనక్కరలేదు. తెలంగాణములో అధికభాగము గ్రానైటు, నైసు శిలలతో ఏర్పడినది. గట్టి రాయిలో నీరు నిలువదు. రాయి శిథిలమై ఏర్పడిన మొరములోను, దాని క్రిందనున్న రాతి పగుళ్ళలోను నిలుచును. బోరు అట్టి పగులును తాకినప్పుడే ‘జల పడినది’ అని మనవారందురు. పగుళ్ళు ఏ దిక్కునకు పోవునో పైకి కనిపించదు. కావుననే ఒక బోరులో నీరు పుష్కలముగా వచ్చుచుండగా, దాని సమీపమున వేసిన మరొక బోరులో దుమ్ము మాత్రమే వచ్చుట కద్దు.

ఇట్టి నేలపై రసాయనపు మడ్డిని కుప్పపోసినచో ఏమగును? వాననీరు దానిలోని లవణములను, విషములను కరగించి మొరములోనికి దింపును. అచటినుండి అవి పగుళ్ళ వెంట పొరుగువాని బావికి చేరును. నదిలో కలిసిన మలినమును వరద కొంతవరకు కొట్టుకొనిపోవును. భూగర్భములో వరద లేదు, ఎండ లేదు, గాలి తక్కువ, నీటి నడక మందము. అందుచేత మలినము ఏండ్ల తరబడి నిలిచిపోవును. ఫ్యాక్టరీ మూతబడిన తరువాతను, దాని యజమాని మారిన తరువాతను మడ్డి కరగుచునే యుండును. నీటిని కాపాడవలెనన్నచో దానిపైనున్న నేలను కాపాడవలెను.

పొరుగువాని బావి

ఈ విషయమున ప్రసిద్ధికెక్కిన పాత తగవులు రెండు ఇంగ్లండులో జరిగినవి. మొదటిది 1843 నాటిది. పొరుగువారు బొగ్గు గనులు త్రవ్వుటవలన తన బావి ఎండిపోయినదని ఒక బట్టల మిల్లు యజమాని మొరపెట్టుకొనెను. భూమిలో కంటికి కనబడని త్రోవల నడచు నీటిపై ఒకరికి ప్రత్యేకమైన హక్కు లేదనియు, తన నేలను తాను త్రవ్వుకొనినవానిది తప్పు కాదనియు న్యాయస్థానము చెప్పెను. 1882 నాటి భారత ఈజ్‌మెంట్ల చట్టము కూడ ఈ భావమునే స్వీకరించి, నిర్ణీతమైన కాలువగా పారని భూగర్భ జలమును తన హద్దులలో తోడుకొను హక్కు భూమి యజమానికి కలదనెను. ఆ చట్టము నాడు మద్రాసు రాష్ట్రమున అమలైనది. నిజాం రాజ్యములోని హనుమకొండ దాని పరిధిలో లేదు.

రెండవ తగవు 1885లో తేలినది. ఇద్దరు పొరుగువారికి చెరియొక బావి ఉండెను. ఒకడు తన బావినీటితో బీరు తయారు చేయుచుండెను. రెండవవాడు తన బావిని వాడుట మాని, అందులోనికి మురుగు వదలెను. ఆ మురుగు భూగర్భము గుండా నడచి మొదటివాని బావిని చేరెను. “నా బావి, నా ఇష్టము” అను వాదము ఈసారి చెల్లలేదు. నీటిని తోడుకొను హక్కు ఇద్దరికిని కలదు గాని, దానిని పాడుచేసి పొరుగువానికి దక్కకుండ చేయు హక్కు ఎవరికిని లేదని అప్పీలు న్యాయస్థానము తీర్పు చెప్పెను. తోడుట వేరు, చెరచుట వేరు అను భేదము ఆనాడే స్పష్టమైనది.

లెక్కకు వచ్చినది, రానిది

బావినీటి గుణము ఆరోగ్యమునకు ముఖ్యమని మనకు తెలియకపోలేదు. 1937లోనే నాటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడు వ్యాధిని వైద్యులు గుర్తించిరి. నల్లగొండ కష్టము ఎల్లరెరిగినదే. కాని ఆ ఫ్లోరైడు రాతినుండి కరగి వచ్చినది. అందు మానవుని దోషము లేదు. మానవుడు చేయు కాలుష్యమును అరికట్టుటకు 1974లో జల కాలుష్య నివారణ చట్టము వచ్చెను. ఆ చట్టమున ‘ప్రవాహము’ అను మాటకిచ్చిన నిర్వచనములో భూగర్భ జలమును కూడ చేర్చిరి. విషపదార్థములను ప్రవాహములోనికి గాని, బావిలోనికి గాని, నేలమీదికి గాని వదలరాదని నిషేధించిరి.

నిషేధము వచ్చినది గాని, బావినీటికి తరగతులు రాలేదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నదులు, చెరువుల నీటిని ప్రయోజనమును బట్టి ఐదు తరగతులుగా విభజించినది: క్రిములను చంపినంతమాత్రముననే త్రాగదగినది, స్నానమునకు తగినది, పూర్తిగా శుద్ధిచేసిన పిమ్మట త్రాగదగినది, చేపలకు తగినది, సేద్యమునకు తగినది అని. భూగర్భ జలమునకు వచ్చిన విభజన వేరు రకమైనది. 1984 నాటి పద్ధతిలో ప్రాంతములను తెలుపు, బూడిద, నలుపు రంగులుగా విభజించిరి. 1997లో ఆ రంగులకు మారుగా సురక్షిత, పాక్షిక సంక్లిష్ట, సంక్లిష్ట, అతివినియోగ ప్రాంతములను పేర్లు పెట్టిరి. రంగులైనను, పేర్లైనను తెలుపునది తోడకపు లెక్కనే. 2015 నాటి పద్ధతిలో మాత్రము ఉప్పదనము, ఫ్లోరైడు, ఆర్సెనిక్ అను మూడింటిలో ఏదైన ఉన్నచో పేరు ప్రక్కన గుర్తు వేయవలెనని చేర్చిరి. ఫ్యాక్టరీలనుండి దిగు వందలాది రసాయనములకు అట్టి గుర్తు లేదు.

మన రాష్ట్రమున అమలులోనున్న 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టమును ‘వాల్టా’ అందురు. బావుల నమోదు, ప్రజల మంచినీటి బావికి 250 మీటర్ల లోపల క్రొత్త బావులపై కట్టుబాటు మొదలగునవి ఇందు కలవు. భూగర్భ జలమును ఎవరును ఏ విధముగను కలుషితము చేయరాదను నిషేధమును కలదు. అయినను బోరు వేయుటకు అనుమతి కావలెనన్నంతవరకే ఈ చట్టము పేరు జనులకు ఎక్కువగా తెలియును.

పటాన్‌చెరు నేర్పిన పాఠము

హైదరాబాదునకు వాయవ్యమున పటాన్‌చెరు, బొల్లారము ప్రాంతములలో 1970 దశకమున పారిశ్రామికవాడలు వెలసినవి. మందులు, రసాయనములు తయారుచేయు ఫ్యాక్టరీల వ్యర్థజలములు వాగులలోనికి, కుంటలలోనికి చేరినవి. ఆ వాగులలో పెద్దది నక్కవాగు. అది మంజీరలో కలియును. వాగు నీరు పొలములలోనికి, అచటినుండి బావులలోనికి దిగెను. 1990లో ఒక పర్యావరణ న్యాయసంస్థ సుప్రీముకోర్టులో వ్యాజ్యము వేసెను. 1994లో ఉమ్మడి శుద్ధికేంద్రము పనిచేయసాగెను. వ్యాజ్యము 2001లో హైకోర్టునకు, 2013లో జాతీయ హరిత న్యాయస్థానమునకు మారి, 2017లో తీర్పునకు వచ్చెను. అనగా ఇరువది యేడు సంవత్సరములు! వ్యాజ్యము మొదలైననాడు పుట్టిన శిశువు తీర్పు వచ్చునాటికి బిడ్డల తండ్రియై యుండవచ్చును.

ఈ మధ్యకాలమున విజ్ఞానశాస్త్రము చూపినదేమి? 2007లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు ఆ శుద్ధికేంద్రమునుండి వెలువడు నీటిని పరీక్షించిరి. సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు అందు కనబడెను. ఆ మందు వాడు రోగి రక్తములో ఉండుదానికంటె ఇది అధికము! 2009లో ప్రకటించిన మరొక పరిశోధనలో సమీప గ్రామముల బావులలో కూడ మందుల అంశములు కనబడినవి. సూక్ష్మజీవులు ఇట్టి నీటిలో మందులకు అలవాటుపడి లొంగనివగునను భయము ప్రపంచమంతటను కలిగినది. తోడకపు లెక్క ఒక్కటే చూపు పట్టికలో ఇట్టి సంగతికి చోటే లేదు.

పటాన్‌చెరు వ్యాజ్యము వేసిన సంస్థయే రాజస్థానములోని బిచ్రీ గ్రామమును గురించియు వ్యాజ్యము వేసెను. అచట రంగులలో వాడు ఎచ్-ఆమ్లమును సుమారు 375 టన్నులు తయారుచేయుటలో 2,440 టన్నుల మడ్డి మిగిలెను. దానిని ఆరుబయట పోయగా వానలకు కరగి బావులలోనికి దిగెను. 1996లో న్యాయమూర్తి బి.పి.జీవన్‌రెడ్డి ఇచ్చిన తీర్పు, కలుషితము చేసినవాడే నేలను, నీటిని తిరిగి బాగుచేయుటకగు వ్యయమును భరింపవలెనని స్థిరపరచినది. సూత్రము గొప్పది. కాని సొమ్ము రాబట్టుటకై 2011లో సుప్రీముకోర్టు మరల ఉత్తర్వు చేయవలసివచ్చినది.

దిగకమునుపే ఆపుట

ఈ రెండును విషము దిగిన తరువాతి తగవులు. దిగకమునుపే ఆపిన తగవు ఒకటి హైదరాబాదులో జరిగినది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయములకు 10 కిలోమీటర్ల లోపల కాలుష్యకరమైన పరిశ్రమలు పెట్టరాదని 1996లో 111వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు వచ్చెను. ఆ హద్దు లోపల ఒక నూనెల ఫ్యాక్టరీకి మినహాయింపు ఇచ్చిరి. ఫ్యాక్టరీ రసాయనములు భూమిలోనికి ఇంకి, భూగర్భ మార్గమున జలాశయమును చేరునా లేదా అనునది ప్రధానమైన ప్రశ్న. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞుల అభిప్రాయమును కోరిరి. న్యాయమూర్తి ఎం.జగన్నాథరావు 1999లో ఇచ్చిన తీర్పు ముందుజాగ్రత్త సూత్రమును వివరించినది: హాని జరుగునని ఎదుటివాడు నిరూపించుట కాదు, జరుగదని ఫ్యాక్టరీవాడే నిరూపింపవలెను. 2000లో సుప్రీముకోర్టు ఆ మినహాయింపును చెల్లదనెను. 2022లో రాష్ట్ర ప్రభుత్వము 69వ నంబరు ఉత్తర్వుతో 111లోని ఆంక్షలను సడలించినది. ఒకసారి గీసిన హద్దు శాశ్వతము కాదని దీనివలన తెలియుచున్నది.

తరగతులు ఎందులకు?

అమెరికాలో 1978లో లవ్ కెనాల్ అను చోట, పూడ్చిన రసాయనములపై కట్టిన ఇండ్లను ఖాళీ చేయింపవలసివచ్చెను. సుమారు 20 వేల టన్నుల వ్యర్థములు ఆ నేలలో ఉండెను. 1980లో కలుషిత స్థలములను శుభ్రపరచు చట్టము చేసిరి. ఆ వెంటనే ఒక చిక్కు ఎదురైనది: ఏ స్థలమును ఎంతవరకు శుభ్రము చేయవలెను? దీనికి సమాధానము క్రిందనున్న నీటి తరగతిని బట్టి చెప్పవలసియుండెను. 1984లో అచటి పర్యావరణ సంస్థ భూగర్భ జలమును మూడు తరగతులు చేసినది: ప్రత్యేక రక్షణ కావలసినది, త్రాగుచున్నది లేక ముందు త్రాగదగినది, త్రాగుటకు పనికిరానిది. కనెక్టికట్ రాష్ట్రములో నాలుగు తరగతులు కలవు. ప్రజలకు నీరిచ్చు బావులున్న చోట నిబంధనలు కఠినము. పాత పారిశ్రామిక ప్రాంతములలో కొంత సడలింపు. స్థలమును అమ్మువాడు, కొనువాడు, శుభ్రము చేయువాడు ముందుగా ఆ పటమును చూచుకొనవలెను.

ఈ పద్ధతిలో అపాయమును లేకపోలేదు. ‘క్రింది తరగతి’ అని వ్రాసిన చోట మరింత పాడుచేయుటకు అనుమతి దొరికినట్లు భావించువారుందురు. అచట బావినీరే ఆధారమైన పేదలున్నచో తరగతి వారికి శాపమగును. కనుక తరగతి నిర్ణయించునప్పుడు, “ఆ నీరు ఇప్పుడు ఎవరు త్రాగుచున్నారు?” అని తప్పక అడుగవలెను.

మన దేశమున కలుషిత స్థలముల నిర్వహణకు ప్రత్యేక నియమములు 2025 జూలైలో వెలువడినవి. అనుమానించదగిన స్థలములను జిల్లా యంత్రాంగము, స్థానిక సంస్థలు ఆరు నెలలకొకసారి తెలుపవలెను. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి పరీక్షింపవలెను. దోషి ఎవరో తేల్చి అతనిచే ఖర్చు పెట్టింపవలెను. 1990 నాటి వ్యాజ్యముతో పోల్చినచో ఇది ముప్పదియైదు సంవత్సరముల ఆలస్యము. అయినను త్రోవ ఏర్పడినది. ఊరివారు చెప్పనిదే అనుమానింపదగిన స్థలము అధికారుల దృష్టికి వచ్చుట కష్టము.

ఇచటనే ఉపాధ్యాయుల పని యున్నది. మండలపు పట్టికను తరగతిలో చూపునప్పుడు, ‘సురక్షితము’ అను మాట నీటి రాశికి చెందినదని, రుచికి గాని శుద్ధికి గాని చెందినది కాదని మొదట చెప్పవలెను. కాచినచో క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు, లవణములు పోవు, నీరు ఆవిరియైన కొలది ఇంకను చిక్కబడునని వివరింపవలెను. ఊరిలో మూతబడిన ఫ్యాక్టరీ, చెత్తకుప్ప, రసాయనముల గోదాము ఎక్కడెక్కడ కలవో, వాటికి పల్లమున ఎవరి బావులు కలవో విద్యార్థులచే ఒక పటము వ్రాయింపవచ్చును. దానికి ప్రయోగశాల అక్కరలేదు. ప్రభుత్వపు పట్టికలో లేని రెండవ గడిని నింపుటకు అది మొదటి మెట్టు.