ఈవీఎస్ పేపర్‌లో లేని కథ: కాలిఫోర్నియా బావుల నుంచి కర్నూలు కాలువ దాకా

బీటెక్‌లోనో డిగ్రీలోనో మీకు ఈవీఎస్ అని ఒక సబ్జెక్ట్ ఉండే ఉంటుంది. ముందు రోజు రాత్రి జిరాక్స్ నోట్స్ తిరగేసి, ఓజోన్ పొర గురించి నాలుగు లైన్లు, యాసిడ్ రెయిన్ గురించి నాలుగు లైన్లు రాసి పాసైపోయే పేపర్. నిజానికి ఆ సబ్జెక్ట్ మనకి ఊరికే రాలేదు. ఎం.సి. మెహతా అనే లాయర్ వేసిన కేసులో 1991లో సుప్రీంకోర్టు పర్యావరణం గురించి చదువుల్లో తప్పనిసరిగా చెప్పాలని ఆదేశించింది. ఆ తర్వాత యూజీసీ ఆరు నెలల కోర్సు తయారుచేసింది. అలా మన దాకా వచ్చింది.

ఉద్దేశం మంచిదే. నా కంప్లైంట్ ఒక్కటే. అందులో ప్రకృతి ఒక చాప్టర్‌లో ఉంటుంది, మనుషులు ఇంకో చాప్టర్‌లో ఉంటారు. ఇద్దరికీ పరిచయం ఉన్నట్టే కనిపించదు. ఒక ఊరి చెరువు ఎండిపోయిందంటే వాన తక్కువైందా, తూము దగ్గర గొడవైందా, బోర్లు ఎక్కువయ్యాయా? ఈ మూడూ కలిపి చూస్తే గానీ జవాబు దొరకదు. వాటిని కలిపి చదవడం యూనివర్సిటీల్లో ఎలా మొదలైందో ఈరోజు చెప్పుకుందాం. ఈ కథలో మన రాయలసీమ ఊళ్లు కూడా ఉన్నాయి, అందుకే చివరి దాకా ఉండండి.

1968 డిసెంబర్. గారెట్ హార్డిన్ అనే అమెరికన్ బయాలజీ ప్రొఫెసర్ 'సైన్స్' పత్రికలో ఒక వ్యాసం రాశాడు. పేరు 'ట్రాజెడీ ఆఫ్ ద కామన్స్'. పాయింట్ సింపుల్. అందరికీ ఉమ్మడిగా ఒక పచ్చిక బయలు ఉంది. నేను ఒక ఆవుని ఎక్కువ తోలితే లాభం మొత్తం నాది, నష్టం మాత్రం అందరిదీ. అందరూ ఇలాగే లెక్కేసుకుంటారు. చివరికి గడ్డి మిగలదు. హాస్టల్ వైఫై అనుకోండి. ఒకడు సినిమా డౌన్‌లోడ్ పెడితే వాడికి సినిమా వస్తుంది, ఫ్లోర్ మొత్తానికి బఫరింగ్ వస్తుంది.

మరి పరిష్కారం? ప్రభుత్వం చేతిలోనైనా పెట్టాలి, ప్రైవేటు ఆస్తిగా పంచైనా ఇవ్వాలి, అన్నాడు హార్డిన్. ఈ ఆలోచన ఎంత పాపులర్ అయిందంటే, అడవుల నుంచి చేపల వేట దాకా పాలసీ మాట్లాడే ప్రతి చోటా ఇదే వినపడేది. ఊరివాళ్లకి ఊరి బీడుని చూసుకోవడం చేతకాదు అని ముందే తీర్పు ఇచ్చేసినట్టు. ఇదే పెద్దమనిషి 1974లో ఇంకో వ్యాసం రాసి, పేద దేశాలకి తిండిగింజల సాయం చేయొద్దని వాదించాడు. అందులో ఇండియా ప్రస్తావన కూడా ఉంది. అంటే ఇదేదో క్లాస్‌రూమ్ లెక్క కాదు. ఎవరి చేతిలోంచి భూమి తీసుకోవాలి, ఎవరికి అన్నం ఆపాలి అనేదాకా వెళ్లిన లెక్క.

గమనించండి, హార్డిన్ ఏ పచ్చిక బయలుకీ వెళ్లి చూడలేదు. ఆ ఉదాహరణ 1833లో విలియం ఫార్‌స్టర్ లాయిడ్ అనే ఆయన చెప్పిన దాంట్లోంచి తీసుకున్నాడు. డేటా లేదు, లాజిక్ మాత్రమే ఉంది. మన భాషలో చెప్పాలంటే ప్రొడక్షన్‌లో ఒక్కసారి కూడా రన్ చెయ్యని కోడ్.

అదే కాలిఫోర్నియాలో, హార్డిన్ వ్యాసానికి మూడేళ్ల ముందే, ఒకామె పీహెచ్‌డీ పూర్తి చేసింది. పేరు ఎలినార్ ఆస్ట్రమ్. 1933లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టింది. స్కూల్లో అమ్మాయివి, నీకు ట్రిగనామెట్రీ ఎందుకు అన్నారు. ఆ మ్యాథ్స్ లేదని తర్వాత ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ దారి మూసుకుపోయింది. సరే అని పొలిటికల్ సైన్స్‌లో చేరింది. ఆవిడకి దొరికిన టాపిక్ లాస్ ఏంజెలెస్ పక్కన వెస్ట్ బేసిన్ అనే చోట భూగర్భజలం.

అక్కడ పరిస్థితి మన బోర్ల పరిస్థితే. కంపెనీలు, మున్సిపాలిటీలు, వందలమంది ఎవరికి వాళ్లు పంపుతో తోడేస్తున్నారు. సముద్రం పక్కనే కాబట్టి నీటిమట్టం పడిపోగానే ఉప్పునీరు లోపలికి రావడం మొదలైంది. ఎంత తోడితే ఎంత ఉప్పు వస్తుందో చెప్పడానికి జియాలజిస్టులు ఉన్నారు. కానీ నేను తగ్గిస్తే పక్కవాడు కూడా తగ్గిస్తాడన్న గ్యారంటీ ఏంటి అనే ప్రశ్నకి జియాలజీలో జవాబు లేదు. వాళ్లు ఏం చేశారో ఆస్ట్రమ్ కూర్చుని రికార్డ్ చేసింది. కోర్టుకెళ్లారు, కానీ తీర్పు కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు. కలిసి సంఘం పెట్టుకున్నారు, లెక్కలు అందరి ముందూ పెట్టారు, ఎవరి వాటా ఎంతో బేరమాడి ఒప్పందానికి వచ్చారు. కొలవడానికి వాటర్‌మాస్టర్‌ని పెట్టుకున్నారు. తీరం వెంట బావుల్లోకి మంచినీళ్లు ఎక్కించి ఉప్పునీటికి అడ్డుగోడలా నిలబెట్టారు. హార్డిన్ లెక్క ప్రకారం ఇది జరక్కూడదు. కానీ జరిగింది.

ఆవిడ భర్త విన్సెంట్ ఆస్ట్రమ్ కూడా పొలిటికల్ సైన్స్ ప్రొఫెసరే. ఇద్దరూ ఇండియానా యూనివర్సిటీకి వెళ్లి 1973లో ఒక సెంటర్ పెట్టారు. దానికి ఇన్‌స్టిట్యూట్ అనో అకాడమీ అనో కాకుండా వర్క్‌షాప్ అని పేరు పెట్టారు. వాళ్లకి వడ్రంగం మీద ఇష్టం, సామాన్లు కూడా చేసుకునేవాళ్లు. పనిముట్లు పట్టుకుని పక్కపక్కన నిలబడి నేర్చుకునే చోటు అని అర్థం. డిపార్ట్‌మెంట్ గోడలు దాటి ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. అప్పట్లో అది చాలా అరుదు. ఇప్పటికీ మన కాలేజీల్లో సివిల్ బ్లాక్ వాళ్లకి ఆర్ట్స్ బ్లాక్ ఎటుందో తెలీదు కదా!

ఇప్పుడు మన వైపు వద్దాం. 1970ల చివర్లో రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు కర్నూలు జిల్లాకి వచ్చాడు. ఒక పెద్ద కాలువ కింద పదుల కొద్దీ ఊళ్లు తిరిగాడు. 1988లో 'విలేజ్ రిపబ్లిక్స్' అనే పుస్తకం వచ్చింది. అందులో ఎక్కువగా కనిపించే ఊరి పేరు కొత్తపల్లె. అది అసలు పేరు కాదు, పెట్టిన పేరు.

ఆయన చూసిందేంటంటే, కొన్ని ఊళ్లలో సర్కారు పంచాయతీతో సంబంధం లేకుండా రైతులే ఒక పెద్దమనుషుల కమిటీ పెట్టుకున్నారు. కమిటీకి సొంత నిధి. పొలాల్లో పశువులు పడకుండా కాపలావాళ్లకి జీతం ఆ నిధి నుంచే. వరి మళ్లకి నీళ్లు పంచే మనిషికి కూడా అంతే. మనవాళ్లు చాలాచోట్ల నీరుగంటి అంటారు చూడండి, అతనే. మరి నిధికి డబ్బు ఎక్కడిది? ఇది నాకు భలే నచ్చిన పార్ట్. కోతలయ్యాక పొలాల్లో మిగిలిన మోళ్లు మేపుకోవడానికి గొర్రెల మందలు వస్తాయి కదా, ఆ మేత హక్కుని ఊరుమ్మడిగా వేలం పాడేవాళ్లు. సారా అమ్మే హక్కు మీద కూడా డబ్బు వచ్చేది. ఊరి రెవెన్యూ మోడల్ అన్నమాట. ఎవరూ కన్సల్టెంట్‌ని పిలవలేదు.

అన్ని ఊళ్లలో ఇలా లేదు. అసలు ప్రశ్న అక్కడే ఉంది. ఒకే జిల్లా, ఒకే భాష, ఒకే రకం కులాలు. అయినా ఒక ఊళ్లో కమిటీ ఉంది, పక్క ఊళ్లో లేదు. ఎందుకు? అక్కడివాళ్లు మంచోళ్లు, ఇక్కడివాళ్లు కాదు అనే జవాబు వేడ్ ఒప్పుకోలేదు. కాలువ మ్యాప్ తీశాడు, నేల రకం చూశాడు. కాలువ ఎగువన ఉన్న ఊళ్లకి నీళ్లు దండిగా వస్తాయి, కాబట్టి కలిసి కూర్చోవాల్సిన అవసరం పడలేదు. టెయిల్ ఎండ్ వైపు ఉన్న ఊళ్లలో నీళ్లు ఎప్పుడొస్తాయో, ఎప్పుడాగుతాయో తెలీదు. నల్లరేగడి ఉన్నచోట పంటకీ పశువుకీ గొడవ కూడా ఎక్కువ. నష్టం భయం ఎక్కడ ఎక్కువో అక్కడ కమిటీ గట్టిగా ఉంది. అంటే నీటి ప్రవాహం, మట్టి, మనుషుల రాజకీయం, ఈ మూడూ ఒకే టేబుల్ మీద పెడితేనే ఆ జవాబు బయటపడింది. ఇంజినీర్ ఒక్కడే వచ్చుంటే క్యూసెక్కులు రాసుకుని వెళ్లేవాడు. సోషియాలజిస్ట్ ఒక్కడే వచ్చుంటే కులాల జాబితా రాసుకుని వెళ్లేవాడు.

ఒక మాట చెప్పాలి. ఈ కమిటీలు ఏమీ ఆదర్శ ప్రజాస్వామ్యాలు కావు. నడిపింది ఎక్కువగా భూమి ఎక్కువున్న రైతులే. కూలీలకీ ఆడవాళ్లకీ అందులో మాట ఎక్కడిది? ఇది మర్చిపోయి 'మన పల్లెలు గొప్పవి' అని రీల్స్ చేసుకుంటే కథ సగమే చెప్పినట్టు.

1990లో ఆస్ట్రమ్ 'గవర్నింగ్ ద కామన్స్' అనే పుస్తకం రాసింది. స్విట్జర్లాండ్ కొండల పచ్చిక బయళ్లు, జపాన్ ఊరడవులు, స్పెయిన్ కాలువలు. కొన్ని వందల ఏళ్లుగా నడుస్తున్నవి, కొన్ని కూలిపోయినవి కూడా. వేడ్ చేసిన పని కూడా ఆవిడ వాడుకున్న ఆధారాల్లో ఒకటి. రూల్స్ ఎవరు రాశారు, కాపలా ఎవరు కాస్తారు, తప్పు చేసినవాడికి మొదటిసారి చిన్న జరిమానానా, పెద్దదా? ఇలాంటివి చూసింది. 1994లో హార్డిన్ కూడా దిగొచ్చి, నేను చెప్పింది పట్టించుకునేవాళ్లు లేని ఉమ్మడి ఆస్తి గురించి అని సవరించుకున్నాడు. ఇరవై ఆరేళ్లు పట్టింది!

తర్వాత ఇండియానాలో ఈ చదువు ఇంకా పెద్దదైంది. 1996లో ఆంత్రపాలజిస్ట్ ఎమిలియో మొరాన్‌తో కలిసి ఆస్ట్రమ్ ఇంకో సెంటర్ నడిపింది. అక్కడికి మన దేశం నుంచి వెళ్లి పనిచేసిన ఎకాలజిస్ట్ హరిణి నాగేంద్ర. బెంగళూరు ఐఐఎస్‌సీలో పీహెచ్‌డీ చేశారు, తర్వాత అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీలో పాఠాలు చెబుతున్నారు. 2006లో వీళ్లిద్దరూ కలిసి రాసిన ఒక పేపర్ ఉంది. పైనుంచి శాటిలైట్ ఫొటోలు, కింద చెట్ల కొలతలు, ఊరివాళ్లతో మాటలు, ల్యాబ్‌లో స్టూడెంట్లని కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టి ఆడించిన ఆటలు. అడవిని ఎవరు కాపాడతారు అన్న ఒకే ప్రశ్నకి ఇన్ని దారులు. తేలిందేంటంటే, ఏ ఒక్క పద్ధతీ అన్ని చోట్లా పనిచేయదు. అడవిని వాడుకునేవాళ్లకి రూల్స్ రాయడంలో నిజంగా చోటిస్తే, వాళ్లే రూల్స్ పాటిస్తారు, పక్కవాడి మీద కూడా కన్నేస్తారు.

అదే 2006లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ ఏకంగా స్కూల్ ఆఫ్ సస్టైనబిలిటీ అని పెట్టేసింది. 2009 అక్టోబర్‌లో ఆస్ట్రమ్‌కి ఎకనామిక్స్‌లో నోబెల్. ఆ ప్రైజ్ అందుకున్న మొదటి మహిళ. ట్రిగనామెట్రీ లేదని ఎకనామిక్స్‌లోకి రానివ్వలేదని చెప్పాను కదా, గుర్తుందా? 2012 జూన్‌లో ఆవిడ పోయింది. అదే నెలలో విన్సెంట్ కూడా.

మరి ఇంత తెలిశాక మన దగ్గర ఏం చేశారు? 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సాగునీటి సంఘాల చట్టం తెచ్చారు. రాష్ట్రం మొత్తం ఒకేసారి పదివేల దాకా సంఘాలు, ఒకే రూల్ బుక్, ఎన్నికలు. ఎగువ ఊరికీ టెయిల్ ఎండ్ ఊరికీ ఒకటే టెంప్లేట్. కాపీ పేస్ట్ అన్నమాట. వేడ్ చూసిన ఊళ్లలో అవసరం ముందు పుట్టింది, కమిటీ తర్వాత వచ్చింది. ఇక్కడ కమిటీ ముందు వచ్చింది. నా దృష్టిలో అక్కడే తేడా కొట్టింది.

దీనికి పూర్తి రివర్స్‌లో ఇంకోటి జరిగింది. 2003 నుంచి అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్గొండ, ప్రకాశం లాంటి ఏడు కరువు జిల్లాల్లో, 600కు పైగా పల్లెల్లో, ఎఫ్ఏఓ సాయంతో ఒక భూగర్భజల ప్రాజెక్టు నడిచింది. అందులో రూల్ ఏమీ లేదు, నిషేధం లేదు. రైతులకే కొలవడం నేర్పారు. వాన ఎంత పడిందో కొలిచే గేజ్, బోర్లో నీళ్లు ఎంత లోతులో ఉన్నాయో చూసే పరికరం. ఆ అంకెల్ని ఊళ్లో గోడ మీద రాసేవాళ్లు. రబీకి ముందు అందరూ కూర్చుని, ఈసారి భూమిలో ఉన్న నీళ్లు ఇన్ని, మీరు వేద్దామనుకుంటున్న పంటలకి కావల్సింది ఇంత అని లెక్క తీసేవాళ్లు. పంట నీటి బడ్జెట్ అనేవాళ్లు దాన్ని. అది చూశాక వరి వేయాలా, ఆరుతడి పంట వేయాలా అనేది ఎవరిష్టం వాళ్లది. చాలామంది తక్కువ నీటి పంటలకి మారారని 2010లో వరల్డ్ బ్యాంక్ రిపోర్ట్‌లో రాశారు. ప్రాజెక్టు డబ్బు ఆగాక ఆ మార్పు ఎంతవరకు నిలిచింది అన్నదాని మీద మాత్రం పరిశోధకుల మధ్య ఇంకా వాదన నడుస్తోంది.

మీ ఊళ్లో నీరుగంటి ఉన్నాడా? ఉంటే ఆయనకి జీతం ఎవరిస్తారు, పంట మీద గింజలా, డబ్బులా? అమ్మమ్మనో తాతయ్యనో అడిగి కామెంట్‌లో ఊరి పేరుతో సహా రాయండి. వచ్చినవన్నీ కలిపి ఒక మ్యాప్ చేద్దామని నా ప్లాన్.