సైనికుల వేషధారణము – పౌరసంబంధములు

పరదేశమునందో, కల్లోలిత ప్రాంతమునందో విధినిర్వహణకై నిలిచిన సైనికుడు ధరించు శిరస్త్రాణము, కవచము, కంటియద్దములు, చేతనున్న ఆయుధము, ఎక్కి వచ్చిన వాహనము, అతడు నోరు విప్పకమునుపే అక్కడి ప్రజలకు అతని ఉద్దేశమును తెలియజేయును. సైన్యమునకును పౌరులకును నడుమ విశ్వాసమో విద్వేషమో నెలకొనుటలో వీనికి గల ప్రమేయమే ఈ వ్యాసమునకు విషయము.

సూయజ్ సంక్షోభకాలమున, 1956లో, ఐక్యరాజ్యసమితి తన అత్యవసర దళమును ఈజిప్టునకు పంపదలచినపుడు ఈ సమస్య స్పష్టముగా బయటపడినది. కెనడా పంపజూచిన ‘క్వీన్స్ ఓన్ రైఫిల్స్’ పటాలము పేరును దుస్తులును, అప్పుడే తమపై దండెత్తిన బ్రిటిషువారిని తలపించుచున్నవని ఈజిప్టు అభ్యంతరము తెలిపినది. భారతదేశముతో సహా పలుదేశములనుండి వచ్చిన భటులను దూరమునుండియే గుర్తింపవలసియుండగా, నీలిటోపీలు కుట్టించు వ్యవధి లేక, అమెరికా సైన్యపు శిరస్త్రాణముల లోతొడుగులకు నీలిరంగు పూయించి ధరింపజేసిరి. శాంతిదళములకు నేటికిని నిలిచిన గుర్తు ఆ తొందరలో పుట్టినదే.

ఇరాకు యుద్ధమున, 2003 ఏప్రిల్‌లో, బస్రా నగరమును వశపరచుకొన్న బ్రిటిషు సైనికులు, ఉత్తర ఐర్లండు వీథులలో గడించిన అనుభవమును పురస్కరించుకొని, కొలది దినములలోనే శిరస్త్రాణములు తీసి మెత్తని బెరే టోపీలు పెట్టుకొని, కాలినడకన గస్తీ తిరుగసాగిరి. తుపాకి గొట్టము నేలవైపు దించి, కన్నులు కనబడునట్లు నిలిచి, కుడిచేయి రొమ్మున నుంచి సలాము చేయు భటునితో అంగడివాడు రెండు మాటలాడగలడు. ముఖము సగము కప్పుకొని, కవచవాహనముపైనుండి తుపాకి గురిపెట్టినవానితో ఆడజాలడు. ఎండనుండియు, పేలుడు తునుకలనుండియు కండ్లను కాచుటకై అమెరికా భటులు ధరించిన నల్లకళ్ళద్దములు స్త్రీల వస్త్రములగుండ చూడగలవను వదంతి ఇరాకీలలో వ్యాపించుటకు, ఎదుటివాని చూపు ఎటున్నదో తెలియకపోవుటయు ఒక కారణమై యుండవచ్చును.

అయినను వేషమునకు గల శక్తి పరిమితమైనది. బస్రాకు ఉత్తరమున మజర్ అల్ కబీర్ పట్టణములో, ఆయుధములకై జరిపిన ఇండ్ల సోదాలవలన రగిలిన ఆగ్రహము నడుమ, 2003 జూన్ 24న జనసమూహము చేత ఆరుగురు బ్రిటిషు సైనిక పోలీసులు హతులైరి. ఇంటి ఆడవారి గదులలోనికి చొరబడుట వలన కలుగు అవమానమును ఏ మెత్తని టోపీయు మాన్పజాలదు. అటుపిమ్మట సాయుధముఠాల దాడులును, బాటలలో పాతిన బాంబులును పెచ్చుపెరుగగా బస్రాలోని భటులును మరల శిరస్త్రాణములను, కవచవాహనములను ఆశ్రయింపవలసి వచ్చినది.

అందుచేత టోపీయా, శిరస్త్రాణమా అను నిర్ణయమును పై అధికారులు దూరమునుండి శాసించుటకంటె, వీథి పరిస్థితి నెరిగిన స్థానిక దళనాయకునికి విడుచుటయే యుక్తము. బెదరింపు లేనిచోట నిండుకవచము ప్రజలను దూరము చేయును. బెదరింపు ఉన్నచోట ఉత్త టోపీ భటుని ప్రాణము తీయును. ఆ రెంటి నడుమ ఏది ఎన్నుకొన్నను, దాని వెనుక ప్రవర్తన సరిగా లేనినాడు పౌరులు దానిని వేషముగానే ఎంచుదురు.