ఒమాన్ ఖర్జూరపు తోటల్లో ఆకలి చరిత్ర

ఒమాన్‌లో తిండి హక్కు కోసం గట్టిగా అడిగినవాళ్లలో ఆఫ్రికా నుంచి బానిసలుగా వచ్చిన తోటకూలీలు ముందువరసలో ఉంటారు. ఆహార న్యాయ పోరాటం అనగానే 1969లో ఓక్లాండ్‌లో బ్లాక్ పాంథర్ పార్టీ పిల్లలకు పెట్టిన ఉచిత అల్పాహారం, 1971లో అట్టికా జైలు ఖైదీలు మెరుగైన తిండి కోసం చేసిన డిమాండు గుర్తుకొస్తాయి. అంతకు అర్ధశతాబ్దం ముందే మస్కట్‌లో అలాంటి మాట వినిపించింది. దాన్ని పోరాటంగా లెక్కించినవారు తక్కువ.

తూర్పు ఆఫ్రికాతో ఒమాన్‌కు వర్తక సంబంధం శతాబ్దాల నాటిది. అప్పటిదాకా ఒకే పాలనలో ఉన్న జాంజిబార్, మస్కట్ 1861లో వేరుపడ్డాయి. 1873లో మస్కట్ సుల్తాన్ తుర్కీ బ్రిటన్‌తో ఒప్పందం చేసుకుని బానిసల దిగుమతిని నిషేధించాడు. దొంగ రవాణా మాత్రం ఇరవయ్యో శతాబ్దంలోకీ కొనసాగింది.

అరేబియాలో బానిసత్వం ఇంటిపనికే పరిమితమనీ, యజమాని తిన్నదే బానిసా తిన్నాడనీ చాలాకాలం రాశారు. ఒమాన్‌లోని బాతినా తీరపు తోటలు ఈ మాటకు ఎదురు సాక్ష్యం. పంతొమ్మిదో శతాబ్దం చివరలో మస్కట్ నుంచి ఫర్ద్ రకం ఖర్జూరం ఓడలకొద్దీ న్యూయార్క్ చేరేది. ఆ వర్తకం వెనక ఆఫ్రికన్ల శ్రమ ఎంతుందో చరిత్రకారుడు మాథ్యూ హాపర్ వివరంగా చూపాడు. బావి గట్టు నుంచి వాలుగా తవ్విన బాటలో ఎద్దును దింపుతూ ఎక్కిస్తూ నీరు తోడాలి. చెట్లెక్కి గెలలు కోయాలి. మబ్సలీ రకాన్ని పండకముందే కోసి, పెద్ద కాగుల్లో ఉడికించి, ఎండబెట్టి మన దేశానికి పంపేవారు. తెలుగిళ్లలో తాంబూలంలో పెట్టే ఎండు ఖర్జూరం ఈ కోవలోదే.

బ్రిటిష్ కాన్సులేటు జెండా కొయ్యను పట్టుకుంటే విముక్తి దొరుకుతుందన్న నమ్మకం మస్కట్ బానిసల్లో ఉండేది. అక్కడికి చేరినవారు విముక్తి పత్రం కోసం తమ కథ చెప్పుకునేవారు. గల్ఫ్ రేవుల్లో అధికారులు అలా నమోదు చేసిన వాంగ్మూలాలు ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల నుంచి మిగిలాయి. ఎక్కడ పుట్టిందీ, ఎవరు ఎత్తుకొచ్చిందీ, ఎవరికి అమ్మిందీ వాటిలో ఉంటాయి. పారిపోయి రావడానికి చెప్పిన కారణాల్లో కొట్టడం, కుటుంబాన్ని విడదీసి అమ్మడంతో పాటు చాలినంత తిండీ బట్టా పెట్టకపోవడం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

ఈ వాంగ్మూలాలను జాగ్రత్తగా చదవాలి. చెప్పినవారి మాట దుబాసీ నోటి నుంచి గుమాస్తా కలానికి చేరింది. ఏది చెబితే పత్రం దొరుకుతుందో పారిపోయి వచ్చినవారికీ తెలిసి ఉండవచ్చు. జెండా కింద చేరినవారంతా విడుదల కాలేదు కూడా. ఈ పరిమితులన్నీ లెక్కలోకి తీసుకున్నా ఆ ఫిర్యాదు బలం తగ్గదు, ఎందుకంటే మార్కెట్ చరిత్ర దాన్ని సమర్థిస్తోంది. కాలిఫోర్నియాలో వేసిన ఖర్జూరపు తోటలు కాపుకు రావడంతో అమెరికాకు ఒమాన్ ఖర్జూరం అవసరం తగ్గింది. బానిసలూ పనిచేసిన గల్ఫ్ ముత్యాల వర్తకాన్ని జపాన్ పెంపుడు ముత్యాలు దెబ్బతీశాయి. 1929 తర్వాతి మాంద్యంలో యజమానులు అప్పుల్లో కూరుకున్నారు. ఆ భారమంతా ముందుగా బానిస కంచం మీదే పడింది. కాబట్టి విముక్తిని బ్రిటిష్ దయగానే చెప్పడం అన్యాయం. ఆకలితో మైళ్లు నడిచి వచ్చి, తిండి తన హక్కని ఒక అధికారి ఎదుట చెప్పడం రాజకీయ చర్యే.

ఒమాన్‌లోని దోఫార్ ప్రాంతంలో 1965లో మొదలైన తిరుగుబాటు తన అదుపులోని ప్రాంతాల్లో బానిసత్వాన్ని రద్దు చేసింది. కొండల్లోని తిరుగుబాటుదారులకు ఆహారం అందకుండా ప్రభుత్వం అక్కడి సలాలా పట్టణం చుట్టూ ముళ్లకంచె వేయించింది. 1970లో సుల్తాన్ కాబూస్ దేశమంతటా బానిసత్వాన్ని రద్దు చేశాడు. ఆ రద్దు ఘనతలో పారిపోయి వచ్చినవారికీ, తిరగబడినవారికీ వాటా ఉంది.

జైళ్లలో తిండి మరో రకంగా ఆయుధమైంది. 2013 ఫిబ్రవరిలో సమాయిల్ జైలులోని రాజకీయ ఖైదీలు నిరాహార దీక్ష చేశారు. మరుసటి నెలలో వారికి క్షమాభిక్ష లభించింది.

నేటి పరిస్థితిని పూర్తి విజయం అనలేం. 2003 కార్మిక చట్టం ఇంటిపనివారిని తన పరిధి నుంచి తప్పించింది. 2016లో వెలువడిన నివేదిక కోసం హ్యూమన్ రైట్స్ వాచ్ మాట్లాడిన 59 మంది ఇంటిపనివారిలో కొందరు కడుపునిండా తిండి పెట్టలేదన్నారు. జాంజిబార్ ఉన్న టాంజానియా నుంచి నేటికీ స్త్రీలు ఈ పనికే వస్తున్నారు. గోదావరి, కడప జిల్లాల తెలుగు స్త్రీలూ వస్తున్నారు. వీరు బానిసలు కారు. జీతం ఉంది, ఒప్పందం ఉంది. అయినా మూసిన తలుపుల వెనక భోజనం యజమాని ఇష్టాన్ని బట్టే ఉన్నంతకాలం, నాటి కూలీలు అడిగిన హక్కు వీరికి దక్కినట్టు కాదు.