లెక్కకు రాని చాకిరీ

మా అమ్మ నిరుడు తెనాలి నుంచి ఆక్లండ్ వచ్చి ఆరు నెలలు మా దగ్గర ఉంది. పసిపిల్లకు నలుగుపెట్టి నీళ్ళు పోయడం, బాలింతకు పథ్యం వండడం, నేను నైట్ డ్యూటీ నుంచి వచ్చేసరికి చారు కాచి ఉంచడం - ఆమెకు ఊపిరి సలిపేది కాదు. వీసా ఫారంలో వృత్తి అన్నచోట "ఏమీ లేదు" అని పూరించింది మాత్రం నేనే.

ఆ రాత ఎంత తప్పో నాకు తెలియజెప్పింది ఈ దేశపు మనిషే, మెరిలిన్ వారింగ్. ఆమె 1975లో 23వ ఏట నేషనల్ పార్టీ తరఫున పార్లమెంటుకు ఎన్నికై, 1978 నుంచి ప్రభుత్వ వ్యయ సంఘానికి అధ్యక్షత వహించారు. (అణ్వస్త్రాల విషయంలో ఆమె ఎదురుతిరిగితే 1984లో మల్డూన్ ఎన్నికలకు పోయిన కథ ఇక్కడివారందరికీ తెలిసిందే.) జాతీయాదాయపు లెక్కల మర్మం ఆమెకు బోధపడింది ఆ సంఘంలోనే.

ఆ లెక్కలు యుద్ధంలో పుట్టినవి. యుద్ధానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో తేల్చడానికి 1941లో బ్రిటన్‌లో రిచర్డ్ స్టోన్, జేమ్స్ మీడ్ ఆ పద్దులు కట్టారు. 1953లో స్టోన్ నాయకత్వంలోనే ఐక్యరాజ్యసమితి వాటిని ప్రపంచానికంతటికీ నమూనా చేసింది. ఇంట్లోవాళ్ళ కోసం ఇల్లాలు చేసే వంటా వార్పూ, పిల్లల పెంపకమూ అందులోకి రావు. డబ్బా పాలు ఉత్పత్తి, తల్లిపాలు కావు! వైద్యుడిగా ఇది నాకు మింగుడుపడలేదు. వంటమనిషిని యజమాని పెళ్ళాడితే జాతీయాదాయం తగ్గుతుందని పిగూ 1920లోనే గమనించాడు. గమనించి ఊరుకున్నారు. ఇంటిపనిని కొలిచే దారి మార్గరెట్ రీడ్ 1934లోనే అమెరికాలో చూపినా పెద్దలు పట్టించుకోలేదు.

రాజబాట విడిచిన అర్థశాస్త్రజ్ఞుల మీద ఒక పాత నింద ఉంది: వాళ్ళకు సిద్ధాంతాలే గాని అంకెలు లేవని. 1988లో అచ్చయిన పుస్తకంలో వారింగ్ ఆ నిందను తిరగేశారు. అంకెలు లేకపోవడం ప్రకృతి ధర్మం కాదు, ఏది రాయాలో ఎవరో నిర్ణయించారు గనక లేవు. మా ఆసుపత్రుల్లోనూ అంతే, కేస్ షీటుకు ఎక్కనిది జరగనట్లే.

1993 సవరణలో నీళ్ళు మోయడం లెక్కకు ఎక్కింది, వంట ఎక్కలేదు. కాని ఇంటిపనికి ధర కట్టడం వారింగ్‌కు అంతగా నచ్చదు, గంటలు లెక్కపెట్టమంటారు. 1998-99లో న్యూజీలాండ్ ఆ పని చేసింది. 12 ఏళ్ళు దాటినవాళ్ళ చేత రెండేసి రోజుల డైరీ రాయించారు. వంట చేస్తూ పిల్లను కనిపెట్టుకోవడం లాంటి జంటపనులూ వదల్లేదు. మగవారి పనిలో సుమారు 60 శాతానికి జీతం ఉందనీ, ఆడవారి పనిలో 70 శాతానికి దగ్గరగా జీతం లేదనీ తేలింది. చిత్రంగా సరిగ్గా ఆ ఏడాదే మన దేశంలోనూ ఆరు రాష్ట్రాల్లో తొలి ప్రయత్నం జరిగింది. తమిళనాడు ఉంది గాని ఆంధ్ర లేదు. దేశమంతటా సర్వే 2019లో జరిగింది. ఇంటిపని చేసే ఆడమనిషికి రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాడికి 97.

మొన్న ఫోనులో ఈ అంకె అమ్మకు చెప్పాను. "ఐదు గంటలేనా! ఏ ఊళ్ళోరా అది?" అంది.