బరోసా షిరాజ్

బరోసా షిరాజ్ దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రంలోని బరోసా లోయలో షిరాజ్ ద్రాక్షతో తయారయ్యే ఎర్ర వైన్. అడిలైడ్ నగరానికి ఈశాన్యంగా సుమారు 60 కి.మీ. దూరంలో ఉన్న ఈ లోయలో 1842 నుంచి ఐరోపాలోని సైలీషియాకు చెందిన లూథరన్ వలసదారులు స్థిరపడ్డారు. ఫ్రాన్స్‌లోని రోన్ లోయలో సిరా అని పిలిచే ద్రాక్షే ఇక్కడి షిరాజ్. ద్రాక్ష వేళ్ల రసాన్ని పీల్చే ఫిలాక్సెరా పురుగు ఈ రాష్ట్రానికి సోకలేదు. అందువల్ల 1840ల నాటి తీగలు కొన్ని నేటికీ అంటు కట్టకుండా సొంత వేళ్ల మీదే కాస్తున్నాయి. ప్రపంచంలో ఇది అరుదు.

వేడి, పొడి వేసవిలో పండు బాగా పక్వమై చక్కెర పెరుగుతుంది, ఆమ్లత తగ్గుతుంది. ఫలితంగా వైన్ ముదురు ఊదా రంగులో, చిక్కగా, తరచుగా 14–15 శాతం ఆల్కహాల్‌తో ఉంటుంది. ప్లమ్, బ్లాక్‌బెర్రీ, మిరియం, చాక్లెట్ వాసనలు ప్రధానం. అమెరికన్ ఓక్ పీపాల్లో నిల్వచేస్తే వెనిలా, కొబ్బరి వాసనలు చేరతాయి.

నిప్పులపై కాల్చిన గొర్రె, పశు మాంసాలు, ముదిరిన గట్టి చీజ్ దీనికి తగిన జోడి. మాంసంలోని కొవ్వు, ప్రోటీన్లు వైన్‌లోని టానిన్లు అనే పదార్థాల వగరును తగ్గిస్తాయి. మిరపకారం ఎక్కువైన వంటకాలతో మాత్రం ఆల్కహాల్ నోటి మంటను పెంచుతుంది. 16–18 డిగ్రీల సెల్సియస్ వద్ద వడ్డిస్తారు.