గొలుసు రంపం లోపాలు, మరమ్మతు

గొలుసు రంపం లేదా చైన్‌సా అనేది ఇనుప బారు అంచున వేగంగా తిరిగే పళ్ల గొలుసుతో కొయ్యను కోసే చేతి యంత్రం. వాడుకలో దీనిని చెట్లు కోసే మిషను అని కూడా అంటారు. విద్యుత్తుతోను, బ్యాటరీతోను నడిచే రకాలు ఉన్నప్పటికీ తోటల నరికివేతకు ఎక్కువగా వాడేది పెట్రోలుతో నడిచే టూ-స్ట్రోక్ ఇంజను రంపమే. తుపానుల తరువాత రోడ్లకు అడ్డంగా పడిన చెట్లను తొలగించడానికి కూడా ఇదే ముఖ్య సాధనం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నంలోను, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కొబ్బరి, జీడి తోటలలోను లెక్కకు మిక్కిలిగా చెట్లను పడగొట్టాయి. అటువంటి సమయంలో నెలల తరబడి మూలన పడివున్న రంపం మొరాయించడం మామూలే.

ఈ యంత్రంలో లోపం కనిపించే చోటు ఒకటి, కారణం ఉండే చోటు మరొకటి కావడం సర్వసాధారణం. గొలుసు మొద్దుబారితే ఇంజనుకు బలం తగ్గిందని భావిస్తారు. బలం పెంచాలని కార్బురేటరు మరలు తిప్పుతారు. దానితో ఇంధనం పలచబడి, కొద్ది రోజులలో పిస్టను గీరుకుపోతుంది. ఆకురాయితో పావుగంటలో తీరవలసిన పని చివరకు ఇంజను విప్పేదాకా వస్తుంది. అందువలన మరమ్మతు కంటే ముందు లోపాన్ని సరిగా గుర్తించడం ముఖ్యం.

చరిత్ర

జర్మనీకి చెందిన ఆండ్రియాస్ స్టీల్ 1926లో విద్యుత్ గొలుసు రంపాన్ని, 1929లో పెట్రోలు రంపాన్ని తయారుచేశాడు. ఈ మధ్యలో 1927లో ఎమిల్ లెర్ప్ తన పెట్రోలు రంపాన్ని థురింగియా ప్రాంతంలోని డోల్మార్ కొండపై పరీక్షించాడు. ఆ కొండ పేరే తరువాత ఆయన సంస్థకు పేరయింది. తొలినాటి రంపాలను మోయడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చేది.

నేటి గొలుసు పంటి రూపానికి మూలం ఒక పురుగు. అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో జోసెఫ్ కాక్స్ అనే రంపపు కార్మికుడు, కొయ్యను తొలిచే ఒక పెంకుపురుగు డింభకం తన దవడలతో కుడికి ఎడమకు మార్చి మార్చి కొరకడం గమనించాడు. గొలుసుపై కుడి పన్ను, ఎడమ పన్ను ఒకదాని తరువాత ఒకటి వచ్చే అమరికను ఆ పద్ధతిలో రూపొందించి 1947లో వ్యాపారం ప్రారంభించాడు. రంపం వంకరగా కోయడానికి కారణం కూడా ఈ కుడి ఎడమల అమరికలోనే ఉంది. దానిని కింద చూడవచ్చు.

పరీక్షకు ముందు

ఇంజను ఆపి, చల్లారనిచ్చి, స్పార్క్ ప్లగ్గు తీగ ఊడదీసిన తరువాతే గొలుసును ముట్టుకోవాలి. ఆగివున్న గొలుసు కూడా చేతిని కోస్తుంది గనుక మందపాటి చేతి తొడుగులు అవసరం. పెట్రోలు పనిని ఆరుబయట, నిప్పుకు దూరంగా చేయాలి.

ఇంజను స్టార్టు కాకపోవడం

ఇంజను నడవడానికి సరైన ఇంధనం, సకాలంలో నిప్పురవ్వ, తగినంత గాలి, సిలిండరులో ఒత్తిడి కావాలి. పరీక్ష కూడా ఈ వరుసలోనే సాగితే సమయం కలిసివస్తుంది.

అయితే అన్నిటికంటే ముందు వాడేవారి పొరపాటును తోసిపుచ్చాలి. చల్లని ఇంజనుకు చోక్ వేసి తాడు లాగినప్పుడు అది ఒకసారి పుక్కుమని శబ్దం చేసి ఆగుతుంది. అప్పుడు చోక్‌ను సగానికి తీసి మళ్లీ లాగాలి. ఆ చిన్న శబ్దాన్ని వినిపించుకోక పూర్తి చోక్‌లోనే లాగుతూ పోతే సిలిండరులోకి పెట్రోలు ఎక్కువై ప్లగ్గు తడిసిపోతుంది. ఆ తరువాత ఎంత లాగినా భుజం నొప్పే మిగులుతుంది. ప్లగ్గు విప్పి తుడిచి, చోక్ తీసివేసి, ఆ రంధ్రం మనవైపు లేకుండా చూసుకుని తాడును నాలుగైదుసార్లు లాగితే ఎక్కువైన ఇంధనం బయటకు పోతుంది. ఈ సమయంలో ప్లగ్గు తీగను రంధ్రానికి దూరంగా ఉంచాలి. లేకపోతే బయటకు చిమ్మిన పెట్రోలు అంటుకోవచ్చు.

బాగా లాగిన తరువాత కూడా ప్లగ్గు పొడిగానే ఉంటే ఇంధనం సిలిండరు దాకా చేరడం లేదని అర్థం. తడిగా ఉండి కూడా ఇంజను అందుకోకపోతే నిప్పురవ్వను అనుమానించాలి. ఒక్క ప్లగ్గును చూసి దారి సగం తేల్చుకోవచ్చు.

ఇంధనం

టూ-స్ట్రోక్ ఇంజనులో నూనెకు వేరే తొట్టి ఉండదు. పెట్రోలులో కలిపిన నూనెయే పిస్టనుకు, బేరింగులకు కందెన. చాలా కంపెనీలు తమ నూనెతో 50:1 నిష్పత్తిని సూచిస్తాయి. అంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల నూనె. సాధారణ టూ-స్ట్రోక్ నూనెకు 25:1, అనగా 40 మిల్లీలీటర్లు చెప్పే కరదీపికలూ ఉన్నాయి. మోటారు సైకిలు ఇంజను నూనెను ఇందులో పోయరాదు. నూనె కలపకుండా ఉత్త పెట్రోలు పోస్తే ఇంజను మొదట చక్కగానే నడుస్తుంది. అందులోనే ప్రమాదం ఉంది. కొద్దిసేపటికే పిస్టను బిగుసుకుపోతుంది.

కలిపిన ఇంధనం నెల దాటితే దాని గుణం తగ్గుతుంది. 2025లో భారతదేశంలో పెట్రోలులో ఇథనాలు పాలు సుమారు 20 శాతానికి చేరింది. ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ ఎక్కువైతే నీరు, ఇథనాలు కలిసి పొరగా అడుగుకు చేరతాయి. తొట్టిలోని గొట్టం సరిగ్గా ఆ అడుగునుంచే పీలుస్తుంది. పాత రబ్బరు గొట్టాలు, పొరలు ఇథనాలుకు గట్టిపడడమో ఉబ్బడమో జరుగుతుంది. 10 శాతం ఇథనాలు వరకే అనుమతించే కరదీపికలు ఉన్నాయి గనుక మీ నమూనాకు ఏది వర్తిస్తుందో చూసుకోవడం మంచిది. అనుమానం ఉన్న ఇంధనాన్ని గాజు సీసాలో పోసి కొంతసేపు కదపకుండా ఉంచితే అడుగున వేరుపడిన పొర కంటికే కనిపిస్తుంది.

తొట్టి లోపల గొట్టం కొసన చిన్న వడపోత ఉంటుంది. వంచిన తీగతో దానిని బయటకు లాగి చూడాలి. నల్లబడితే మార్చాలి. దీని ఖరీదు తక్కువ గనుక శుభ్రం చేసే శ్రమ దండగ. గొట్టాన్ని వంచినప్పుడు పగుళ్లు కనిపిస్తే అదీ మార్చవలసిందే.

పది నిమిషాలు బాగా నడిచి ఆగిపోయి, తొట్టి మూత తిప్పగానే ఉస్సుమని గాలి పీల్చుకుని, మళ్లీ స్టార్టయ్యే రంపాలు ఉంటాయి. తొట్టిలోకి గాలి పోనిచ్చే చిన్న రంధ్రం మూసుకుపోవడం దీనికి కారణం. కార్బురేటరుతో పనిలేదు.

నిప్పురవ్వ

ప్లగ్గు విప్పి, తీగ తగిలించి, దాని లోహపు భాగాన్ని సిలిండరుకు ఆనించి, ప్లగ్గు రంధ్రానికి దూరంగా ఉంచి తాడు లాగితే నీలిరంగు రవ్వ కనిపించాలి. ప్లగ్గు కొసల మధ్య ఖాళీ సాధారణంగా 0.5 మిల్లీమీటర్లు ఉంటుంది. రవ్వ రాకపోతే ముందు కొత్త ప్లగ్గుతో, తరువాత స్విచ్చి తీగ ఊడదీసి చూడాలి. ఆపే స్విచ్చి తీగ ఒరుసుకుపోయి ఇంజను లోహానికి తగిలినా రవ్వ ఆగిపోతుంది. ఇవి రెండూ చూడకుండా కాయిలు కొనడం చాలామంది చేసే ఖర్చు.

చల్లగా ఉన్నప్పుడు బాగా నడిచి, వేడెక్కాక ఆగి, అరగంటకు మళ్లీ నడిచే రంపంలో కాయిలు దెబ్బతిని ఉండవచ్చు. ఆగిన వెంటనే, వేడిగా ఉండగానే రవ్వను పరీక్షించినప్పుడే ఇది బయటపడుతుంది.

గాలి, కార్బురేటరు

గాలి వడపోతలో రంపపు పొట్టు పేరుకుంటే ఇంధనం పాలు ఎక్కువై, పొగ వచ్చి, బలం తగ్గుతుంది. వడపోతను తట్టి దులిపి, రకాన్నిబట్టి సబ్బు నీటితో కడిగి, పూర్తిగా ఆరిన తరువాత బిగించాలి. చినిగిన వడపోతతో పని చేస్తే దుమ్ము నేరుగా సిలిండరుకు పోతుంది. అదే విధంగా సైలెన్సరులోని సన్నని జాలి మసితో మూసుకుపోతే ఇంజను వేగం అందుకోదు. దీనిని తీసి కుంచెతో రుద్దితే సరిపోతుంది.

మోటారు సైకిలు కార్బురేటరులో వలె ఇందులో తేలే బంతి ఉండదు. రంపాన్ని ఏ వైపుకు వంచినా ఇంధనం అందడానికి పలుచని పొరలు దాని పని చేస్తాయి. ఇంజను లోపలి ఒత్తిడిలో వచ్చే హెచ్చుతగ్గులకు ఒక పొర అదురుతూ తొట్టినుంచి పెట్రోలును తోడుతుంది. మరొక పొర సూది కవాటాన్ని తెరచి మూస్తుంది. ఏళ్ల తరబడి వాడని రంపంలో ఈ పొరలు అట్టముక్కల మాదిరి గట్టిపడతాయి. మరలు ఎంత తిప్పినా ఇవి మెత్తబడవు. పొరలు, గాస్కెట్లు కలిపి ఒక కిట్టుగా దొరుకుతాయి. విప్పేటప్పుడు ఏది ఏ వరుసలో ఉందో ఫొటో తీసుకోవడం మంచిది.

కార్బురేటరుపై సాధారణంగా మూడు మరలు ఉంటాయి. ఎల్ అనేది తక్కువ వేగంలో ఇంధనాన్ని, హెచ్ అనేది పూర్తి వేగంలో ఇంధనాన్ని నియంత్రిస్తాయి. మూడవది నిలకడ వేగాన్ని సరిచేస్తుంది. స్టీల్ వారి ఎం-ట్రానిక్, హస్క్‌వర్నా వారి ఆటోట్యూన్ వంటి పద్ధతులు గల రంపాలలో ఇంధనాన్ని ఎలక్ట్రానిక్ పరికరమే సర్దుతుంది. హెచ్ మరను లోపలికి బిగించేకొద్దీ ఇంధనం పలచబడి, ఇంజను కీచుమంటూ మరింత వేగంగా తిరుగుతుంది. వినేవారికి బలం పెరిగినట్లు తోస్తుంది. నిజానికి నూనె కూడా ఇంధనంతోనే వస్తుంది కాబట్టి అప్పుడు పిస్టనుకు అందే కందెన తగ్గుతూ, వేడి పెరుగుతూ ఉంటుంది. సరిగా అమర్చిన రంపం ఖాళీగా పూర్తి వేగంలో తిరిగేటప్పుడు కొంచెం గరగరమని, కొయ్యలో దిగగానే శుభ్రమైన ధ్వని ఇస్తుంది. చెవికి సందేహంగా ఉంటే వేగమాపకంతో కొలిచి, కరదీపికలో ఇచ్చిన గరిష్ఠ వేగాన్ని దాటకుండా చూడాలి.

నిన్నటిదాకా బాగున్న రంపంలో ఇంధనం ఉన్నట్టుండి పలచబడితే మరను ముట్టుకోరాదు. మరలు వాటంతటవి అంతగా తిరిగిపోవు. క్రాంకు ఆయిల్ సీలు అరిగో, కార్బురేటరును సిలిండరుకు కలిపే రబ్బరు గొట్టం పగిలో బయటి గాలి లోపలికి వస్తూ ఉండవచ్చు. యాక్సిలరేటరు వదిలినా వేగం వెంటనే తగ్గకపోవడం, రంపాన్ని పక్కకు వంచితే నిలకడ వేగం మారడం దీని గుర్తులు. మర తిప్పి ఈ లోపాన్ని కప్పిపుచ్చితే కొన్నాళ్లు నడుస్తుంది గాని, చీలిక పెద్దదయిన రోజు ఇంజను పోతుంది.

సిలిండరు, పిస్టను

తాడు మరీ తేలికగా వస్తుంటే ఒత్తిడి తగ్గిందని అనుమానించాలి. ప్లగ్గు స్థానంలో గేజి బిగించి లాగితే మంచి ఇంజను సుమారు 150 పీఎస్‌ఐ చూపుతుంది. 100 కంటే తగ్గితే స్టార్టు కావడం కష్టం. గేజి లేకపోతే సైలెన్సరు విప్పి ఆ రంధ్రంలోనుంచి పిస్టనును చూడవచ్చు. నున్నగా మెరుస్తూ ఉంటే మంచిదే. సైలెన్సరు వైపు నిలువు గీతలు ఉంటే నూనె లేమి లేదా వేడి కారణం. కార్బురేటరు వైపు మాత్రమే గీతలు ఉంటే దుమ్ము కారణం. కారణం సరిచేయకుండా కొత్త పిస్టను వేస్తే అదీ పాతదాని దారినే పోతుంది.

గొలుసు, బారు

కోత మందగించిందంటే మొదట చూడవలసింది కింద రాలే పొట్టును. పదునైన గొలుసు చిన్న చిన్న పేళ్లను రాల్చుతుంది, తనంతట తానే కొయ్యలోకి దిగుతుంది. మొద్దుబారినది పిండి వంటి పొట్టును రాల్చి, మనిషి నొక్కితేగాని దిగదు, కోత నుండి పొగ కూడా రావచ్చు. మట్టి అంటిన మొద్దును కోసినా, బారు ముక్కు క్షణకాలం నేలకు తగిలినా పదును పోతుంది. తుపానుకు కూలిన చెట్ల వేళ్ల వద్ద కోసేటప్పుడు రోజుకు అనేకసార్లు పదును పెట్టవలసిరావడం ఇందువల్లనే.

పదునుకు గుండ్రని ఆకురాయి కావాలి. దాని మందం గొలుసు కొలతనుబట్టి మారుతుంది. 0.325 అంగుళాల గొలుసుకు 4.8 మి.మీ., మూడు బై ఎనిమిది అంగుళాల గొలుసుకు 5.2 లేదా 5.5 మి.మీ., అదే కొలతలోని చిన్న రకానికి 4 మి.మీ. సరిపోతుంది. సాధారణంగా 30 డిగ్రీల కోణంలో లోపలినుంచి బయటకు, ఒకే దిశలో రాయాలి. వెనుకకు లాగేటప్పుడు ఆకురాయిని పైకెత్తాలి. ఒక వైపు పళ్లన్నీ అయ్యాక రెండోవైపు చేయాలి. అన్ని పళ్లూ ఒకే పొడవు ఉండాలి గనుక బాగా అరిగిన పంటినే కొలతగా తీసుకోవాలి.

కుడిచేతివాటం వారు ఒక వైపు పళ్లకు తెలియకుండానే ఎక్కువ ఒత్తిడి ఇస్తారు. అప్పుడు ఒక వైపు పళ్లు పొట్టివై, రంపం కోస్తూ కోస్తూ రెండవ వైపుకు వంగిపోతుంది. పళ్లు సమంగా ఉండి కూడా కోత వంకర పోతుంటే బారు పట్టాలు ఒక పక్క అరిగి ఉంటాయి. బారును నిలబెట్టి చదునైన ఆకురాయితో పట్టాలను సమం చేసి, అప్పుడప్పుడు తలకిందులుగా మార్చి బిగిస్తే అరుగుదల రెండు వైపులా పంచుకుంటుంది.

ప్రతి పంటి ముందు ఒక చిన్న మెట్ట ఉంటుంది. పన్ను ఎంత లోతుగా కొరకాలో అది నిర్ణయిస్తుంది. ఇది పంటికంటే సుమారు 0.65 మి.మీ. తక్కువ ఎత్తులో ఉండాలి. పళ్లు అరిగేకొద్దీ వాటి ఎత్తు తగ్గుతుంది గనుక మెట్టలను కూడా గేజితో కొలిచి తగ్గించాలి. త్వరగా కోస్తుందని ఎక్కువగా రాసివేస్తే రంపం కొయ్యను లాగి కుదుపుతుంది, బారు ముక్కు ఎగిరి మనిషిపైకి తిరిగే కిక్‌బ్యాక్ ప్రమాదం కూడా పెరుగుతుంది.

గొలుసు బారు అడుగుభాగానికి అంటుకుని, చేతితో లాగితే తేలికగా జరిగేలా బిగువు ఉండాలి. పనిలో వేడికి గొలుసు సాగుతుంది. అప్పుడు బిగించినదానిని పని ముగిశాక వదులు చేయకపోతే చల్లారి కుంచించుకుపోయి క్రాంకు బేరింగులపై భారం వేస్తుంది.

నూనె రాకపోవడం

బారు ముక్కును తెల్ల కాగితం లేదా కోసిన మొద్దుపైన తాకకుండా పట్టి వేగం పెంచితే సన్నని నూనె గీత పడాలి. పడకపోతే బారు మొదట్లోని నూనె రంధ్రాన్ని, పట్టాల మధ్య గాడిని గీకి శుభ్రం చేయాలి. ఎక్కువ సందర్భాలలో ఇంతటితో సరిపోతుంది. కాకపోతే తొట్టిలోని వడపోత, ఆపైన పంపును చూడాలి. ఖర్చు తగ్గుతుందని వాడేసిన ఇంజను నూనె పోస్తారు. అది బారుకు అంటిపెట్టుకోదు, అందులోని లోహపు రజను పంపును అరగదీస్తుంది.

నిలకడ వేగంలో గొలుసు తిరగడం, బ్రేకు పట్టకపోవడం

యాక్సిలరేటరు వదిలినప్పుడు గొలుసు ఆగితీరాలి. ఆగకపోతే నిలకడ వేగం మరను తగ్గించి చూడాలి. అప్పటికీ తిరుగుతుంటే క్లచ్ స్ప్రింగు తెగి ఉంటుంది. ముందు పిడి దగ్గరి పలకను ముందుకు తోస్తే క్లచ్ డ్రమ్ము చుట్టూ ఉక్కు పట్టీ బిగుసుకుని గొలుసు క్షణంలో ఆగాలి. పొట్టు, నూనె కలిసి గట్టిపడి పట్టీని పట్టనీయకపోవడం తరచు కనిపించే లోపం. శుభ్రం చేసినా పట్టకపోతే, లేదా పట్టీ పలచబడితే దానిని మార్చాలి. ఈ రెండు లోపాలలో ఏది ఉన్నా ఆ రంపంతో ఒక్క కొమ్మ కూడా కోయరాదు.

నిల్వ

నెలకు మించి వాడకపోతే తొట్టిని ఖాళీ చేసి, మిగిలిన ఇంధనం అయిపోయేదాకా ఇంజనును నడిపి ఆపాలి. ప్లగ్గు రంధ్రంలో కొన్ని చుక్కల టూ-స్ట్రోక్ నూనె వేసి తాడును నెమ్మదిగా రెండుమూడుసార్లు లాగి, ప్లగ్గు బిగించాలి. గొలుసును తీసి నూనె పూసి ఉంచాలి. కోస్తా జిల్లాలలోని ఉప్పుగాలికి తుప్పు త్వరగా పడుతుంది. తుపాను కాలానికి సిద్ధంగా ఉంచే రంపాన్ని సెప్టెంబరులోనే కొత్త ఇంధనంతో ఒకసారి నడిపి చూసి, తొట్టిని మళ్లీ ఖాళీ చేసి, పదునైన అదనపు గొలుసుతో కలిపి పెట్టుకోవచ్చు.